పగిలిన ఓడ, గుర్తుకు ఒక కుక్కరు

మా పక్కింటి వదిన పోయిన సంగతి నాకు ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి కరీంనగర్ దవాఖానలో ఉన్న మనిషి ఆ పొద్దున కన్ను మూసింది. కబురు చెప్పిన పిల్ల ఏడవలేదు. ఆ వెంటనే ఇంకో మాట అడిగింది.

"పెద్దమ్మా, గోడ మీదికెల్లి జర సూడు. మా ఇంటికి ఎవ్వలన్న అచ్చిన్రా?"

చూశాను. వచ్చారు. గేటుకు ఆనించి ట్రాలీ ఆటో పెట్టి ఉంది. వదిన యారాలు, అంటే ఆమె భర్తకు అన్న భార్య, వాకిట్లో నిలబడి ఏది ముందు ఎక్కించాలో చెప్తున్నది. ఆమె కొడుకు మిక్సీని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని మెట్లు దిగుతున్నాడు. దవాఖానకు దుప్పట్లు తెస్తానంటే కోడలు నమ్మి అతని చేతికి తాళంచెవి ఇచ్చింది. దుప్పట్లు దవాఖానకు చేరలేదు గాని, తాళంచెవి మాత్రం బాగా పనిచేసింది.

"ఏందిది?" అని అడిగాను గోడ ఇవతలి నుంచి.

"గుర్తుకక్కా," అన్నది యారాలు కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "మనిషైతే పాయె. తలా ఒకటి గుర్తుకన్న ఉండాలె గద."

"గుర్తుకు గ్యాసు పొయ్యి గూడనా?"

"దాని మీదనే గదక్కా మాకు చాయ పెట్టి ఇచ్చేది."

వదిన శవం ఇంకా కరీంనగర్ దాటలేదు. ఆమె గుర్తులు మాత్రం మా సందు దాటిపోయాయి.

చనిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మెత్తగా మొదలుపెట్టాలని నాకూ తెలుసు. బతుకంతా గోదావరిఖని బడిలో తెలుగు చెప్పినదాన్ని, మెత్తని మాటలు ఎక్కడ దొరుకుతాయో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఈసారి అవి చేతికి రావడం లేదు. వచ్చినప్పుడు రానిస్తాను. చదివేవాళ్ళు ఓపిక పట్టాలి.

ఆమె నాకు చుట్టం కాదు. అదే బడిలో సోషల్ టీచరు. చీరాల అవతల సముద్రపు ఒడ్డున మోటుపల్లి అని ఒక చిన్న రేవు ఊరుంది. అక్కడినుంచి ఉద్యోగానికని ఈ బొగ్గు ఊరికి వచ్చి, ఇక్కడి గని మనిషిని పెళ్ళి చేసుకుని, ఇక్కడే ఉండిపోయింది. మా పక్కింట్లో దిగిన రోజే నన్ను "వదినగారూ" అని పిలిచింది. మా దిక్కు 'గారు' అనేది తహసీల్దారుకో, పెండ్లిపత్రికలో పేరుకో తగిలిస్తారు. పక్కింటి ఆడమనిషికి తగిలిస్తే ఎగతాళి చేస్తున్నదనుకుంటారు. నేనూ అట్లే అనుకుని కొన్నాళ్ళు ముఖం తిప్పుకుని తిరిగాను. తర్వాత తెలిసింది, ఆమె కూరగాయలమ్మే మనిషికి కూడా 'గారు' పెడుతుందని. అప్పటినుంచి నేనూ ఆమెను వదిన అన్నాను. గారు మాత్రం పెట్టలేదు. ఒక వరసకు ఒకరు పెడితే చాలు.

అత్తింటివాళ్ళను ఆమె మాట ఇంకా తిప్పలు పెట్టింది. పెళ్ళయిన కొత్తలో యారాలు అడిగిందట, మీ నాయన ఏం పని చేస్తడని.

"వేటకెళ్తాడక్కా," అన్నది ఈమె.

మా దిక్కు వేట అంటే అడవి. అడవి మాకు దగ్గరే. వేట అంటే కేసు కూడా. యారాలు గొంతు తగ్గించి అడిగింది. "ఏం కొడ్తడు? పందినా, కుందేలునా?"

"చేపలక్కా."

"చాపలను వేటాడుడేందే? అవి ఉరుకుతయా?"

సముద్రపు ఒడ్డున పడవ మీద చేపలకు పోవడాన్నే వేట అంటారని ఆమె చెప్పి చూసింది. ఎవరూ నమ్మలేదు. ఆ ఏడాదంతా ఈ కొత్త కోడలి తండ్రి అడవి పందులు కొట్టేవాడనే పేరు చుట్టాల్లో నిలబడిపోయింది. దసరాకు ఆయన బిడ్డను చూడవస్తే ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు పక్కకు తీసుకుపోయి, మాంసం ఎప్పుడన్నా దొరికితే తమను మరిచిపోవద్దని చెప్పారు కూడా. ఆయన ఏమర్థం చేసుకున్నాడో, తెచ్చిన ఎండుచేపల సంచీ వాళ్ళ చేతుల్లో పెట్టి వెళ్ళాడు.

ఇంత దూరం వచ్చినా ఆమె చెవి సముద్రం దగ్గరే ఉండేది. బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో చెప్తే మాకు ఓపెన్‌కాస్టు బొగ్గు గని రోడ్ల మీది నల్ల బురద గుర్తొచ్చేది. ఆమెకు వేటకు పోయిన తమ్ముడు గుర్తొచ్చేవాడు. పడవలన్నీ ఒడ్డు చేరాయని ఫోన్ వచ్చేదాకా కూర్చోలేక పొయ్యి దగ్గర నిలబడి ఏదో ఒకటి చేస్తూనే ఉండేది. అందుకని తుఫాను వచ్చిన ప్రతిసారీ మా సందంతటికీ అట్లు అందేవి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో పేలుళ్ళకు అలమారలో గిన్నెలు గలగలమంటే మేము తిట్టుకునేవాళ్ళం. ఆమె చాయ కప్పు మీద అరచెయ్యి మూతపెట్టి, అదురు ఆగాక మాట సాగించేది. "నేల కూడా ఊగుతుందని ఇక్కడికొచ్చాకే తెలిసిందండీ," అన్నది ఒకసారి. "నీళ్ళొక్కటే అనుకున్నా."

మా మాటల్లో ఆమె గట్టిగా పట్టుకున్నది ఒక్క 'ఫికర్'. దిగులు పడొద్దని చెప్పడానికి మేము ఫికర్ చెయ్యకు అంటాం. ఆమె "ఫికర్ పడకండి వదినగారూ" అనేది. దాన్ని ఎన్నిసార్లు దిద్దినా దిద్దుబాటు నిలవలేదు. నాకు కంటి ఆపరేషన్ అయినప్పుడు రోజూ వచ్చి పేపరు చదివి వినిపించింది. చదవడం కన్నా పేపరుతో పోట్లాడటం ఎక్కువ. సంపాదకీయం మూడో వాక్యం దగ్గర ఆపి, "ఈయనకి ఎవరు చెప్పారండీ ఇది?" అని నన్ను నిలదీసేది, రాసింది నేనే అయినట్టు. కళ్ళకు పట్టీ ఉన్న ఆ రోజుల్లో లోకం నాకు ఆ గొంతులోంచే వచ్చింది. ఆ అప్పు తీరలేదు, తీరదు.

బడిలో ఆమె రాజుల పేర్లు బట్టీ పెట్టించేది కాదు. ఏ రాజు పాఠమైనా పిల్లలకు రెండే ప్రశ్నలు. ఈయన ఎవరి దగ్గర ఏం లాక్కున్నాడు? ఎవరికి ఏం వదిలిపెట్టాడు? పరీక్ష పేపరు దిద్దేవాళ్ళకు ఈ జవాబులు నచ్చేవి కావు. పిల్లలకు మాత్రం మనసులో నిలిచేవి.

ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లల్ని తన ఊరికి తీసుకుపోయింది. నన్ను తోడు రమ్మన్నది. రామగుండం స్టేషన్లో బండెక్కి చీరాలలో దిగి, బస్సులో ఉప్పుమళ్ళు, సరుగుడు తోపులు దాటి పోయాం. మా పిల్లలు అంతవరకు సముద్రం చూడలేదు. ఇసుక దిబ్బ ఎక్కగానే అందరూ నోరు తెరిచి నిలబడ్డారు. ఒక ఆడపిల్ల చాలాసేపు చూసి అడిగింది. "మేడం, ఇది ఎవ్వలు తవ్విన్రు?"

నేను నవ్వాను. వదిన నవ్వలేదు. పుట్టినప్పటినుంచి ఓపెన్‌కాస్టు గుంతలూ వాటిలో నిలిచిన వాననీళ్ళూ తప్ప ఇంత పెద్ద గొయ్యి చూడని పిల్ల అది. "దీన్ని ఎవరూ తవ్వలేదమ్మా," అన్నది వదిన. "అందుకే పని అయిపోయిందని వదిలేసి వెళ్ళేవాళ్ళు కూడా లేరు."

ఒకప్పుడు దేశదేశాల ఓడలు ఆగిన రేవు అంటే నమ్మబుద్ధి కానంత చిన్న ఊరు. ఒడ్డున పడవలు, ఆరేసిన వలలు, కాలితో గీస్తే పాత పెంకులు బయటపడే ఇసుక. పెదగంజాం వైపు చెయ్యి చాపి, అక్కడ బౌద్ధుల నాటి ఇటుకల దిబ్బలున్నాయని చెప్పింది. రాముడి గుడి చూపింది. చివరికి వీరభద్రుడి గుడి మండపంలో ఒక రాతి స్తంభం దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టింది. స్తంభం మీద బారులు తీరిన అక్షరాలు. ఇది మీ రాజు చెక్కించిందే అన్నది. ఓరుగల్లు కాకతీయ రాజు. మా పిల్లలకు ఓరుగల్లు అంటే బస్సెక్కి పోయి వచ్చే ఊరు. అక్కడి రాజుకు ఈ ఉప్పు గాలిలో ఏం పని అని వాళ్ళకు ఆశ్చర్యం.

ఆమె తన రెండు ప్రశ్నలు వేసి, జవాబు తనే చెప్పింది. అంతకు ముందటి రాజులు, తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, గుర్రాలు, రత్నాలు అన్నీ తమవేనని లాక్కునేవాళ్ళు. ఈ రాజు అది మాన్పించాడు. ప్రాణానికి తెగించి సముద్రం మీద వచ్చినవాడి సరుకు వాడిదే, కట్టవలసిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టబోమని రాతి మీద మాట ఇచ్చాడు. అందుకే దాన్ని అభయశాసనం అంటారు.

సముద్రాన్ని ఎవరు తవ్వారని అడిగిన పిల్లే మళ్ళీ లేచింది. "ఒడ్డు మీద ఊకెనే పడి ఉంటె పాడైతది గద మేడం. ఎవ్వలో ఒకలు తీస్కపోతె ఏమైతది?"

"పాడైతే పాడవనీ," అన్నది వదిన. "మునిగినవాడి కళ్ళముందు మాత్రం వాడి సరుకు మీద చెయ్యి పెట్టొద్దు."

తర్వాత కొన్నేళ్ళకు ఆ పాఠం ఆమె ఇంటికే వచ్చింది. భర్త ముందే పోయాడు. గనిలో పనిచేసే ఒక్క కొడుకు, పెళ్ళయి ఇంకా పిల్లలు పుట్టకముందే, హైవే మీద లారీ కింద పడ్డాడు. కర్మలు చేసే దినం నాడు యారాలు నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది, కోడలి గాజులు పగలగొట్టడానికి, మట్టెలు తీయించడానికి. ఆ వెనుకే మగవాళ్ళ మాట ఇంకొకటి. ఈ పిల్లను తల్లిగారింటికి పంపెయ్యాలని, కొడుకు బదులు వచ్చే ఉద్యోగం ఇంటి మగపిల్లల్లోనే ఒకరికి రావాలని.

వదిన కోడలి చెయ్యి పట్టుకుని గడప మీద కూర్చుంది. ఏడుస్తూనే మాట్లాడింది.

"ఓడ మునిగింది దీనిది. మిగిలిన సరుకు కూడా మీరే పట్టుకెళ్తారేంటి?"

"ఓడేందే? ఏమంటున్నవు నువ్వు?" అన్నది యారాలు.

"గాజులు దానివి. మట్టెలు దానివి. ఉద్యోగం దానిది. నేను కట్టుకున్న ఈ ఇల్లు, నేను పోయాక దానిదే. శాసనం అనుకోండి."

"నువ్వేం రాజువా శాసనం చెయ్యనీకె?"

"సోషల్ టీచర్ని. ఇంకా ఎక్కువ."

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల గాజులు చేతికే ఉన్నాయి. ఉద్యోగం కూడా వచ్చింది, గని పైన ల్యాంపు రూంలో. లోపలికి దిగే ప్రతి మనిషీ అక్కడి కిటికీ దగ్గర తన ల్యాంపు తీసుకుని, టోపీకి తగిలించుకుని పోవాలి. పైకి వచ్చాక మళ్ళీ అక్కడే అప్పజెప్పాలి. ఆ కిటికీ వెనుక నిలబడేది ఈ పిల్ల. యారాలు కొడుకు రోజూ దిగేదీ ఆ గనిలోకే. మొదటి రోజు డ్యూటీకి పోతుంటే వదిన అన్నది, "మా అమ్మ రేవులో నిలబడి ఎన్ని పడవలు వెళ్ళాయో, ఎన్ని వచ్చాయో చూసుకునేది. జీతం ఎవరూ ఇవ్వలేదు. నీకు ఇస్తున్నారు, బాగా చూసుకో."

ఎవరింట్లో చావు జరిగినా వదిన ముందే పోయేది. వాకిలి ఊడ్చేది, అంట్లు తోమేది, ఎవరూ అడగని నీళ్ళు పట్టి పెట్టేది. "చావింటికి చేతులూపుకుంటూ వెళ్ళాలండీ, చేతులూపుకుంటూనే రావాలి," అనేది. ఆ ఇళ్ళలో ఇచ్చిన అరటిపండు కూడా తెచ్చుకునేది కాదు.

అట్లాంటి మనిషి శవం మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. తల దగ్గర దీపం పెట్టాలని కోడలు అగ్గిపెట్టె కోసం వంటింట్లోకి పోయింది. వెనుకే నేను పోయాను. పొయ్యి ఉన్నచోట గోడ మీద నూనె మరక ఒక్కటే ఉంది. అగ్గిపెట్టె మా ఇంటినుంచి తెచ్చాం.

గోదావరి ఒడ్డున యారాలు కొడుకే నిప్పు పెట్టాడు. చితి ఆరకముందే మాట బయలుదేరింది, తలకొరివి పెట్టినవాడిదే ఇల్లు అని. కోడలు దినం దాకా ఉండి, ఆ తర్వాత తల్లిగారింటికి పోవాలని ఆమెను అడగకుండానే నిశ్చయించారు. వంటసామాను లేని ఇంట్లో మనిషి ఎన్నాళ్ళుంటుందని వాళ్ళ లెక్క. గుర్తుల వెనుక ఉన్న తెలివి నాకు అప్పుడు అర్థమైంది.

దినం నాడు వాకిట్లో టెంటు వేసి మటన్ వండించారు. వడ్డించే గిన్నెల్లో రెండు వదినవి. నేను పోల్చుకున్నాను. భోజనాలకు ముందు ఎవరో, పంతులమ్మ నాలుగు మంచి మాటలు చెప్పాలన్నారు. మా సందులో ఎవరు పోయినా నాలుగు మంచి మాటలకు నన్నే పిలుస్తారు. నేను పోతే ఎవరిని పిలుస్తారో వాళ్ళు ఆలోచించుకోవాలి. లేచి నిలబడ్డాను.

"మోటుపల్లిల ఒక రాయి ఉన్నది," అని మొదలుపెట్టి, పగిలిన ఓడ సంగతంతా చెప్పాను. వెనుక వరుసలో ఒకాయన కూర దించిన్రా అని అడుగుతున్నాడు. నేను ఆపలేదు. "ఓడ పగిలితె సరుకు ఎత్కపోయే రాజులు ఎన్నడో సచ్చిన్రు. ఆళ్ళ వారసులు ఈ టెంటు కిందనే కూసున్నరు. శవం ఇంటికి రాకముందే ఆటో మాట్లాడుకొని అచ్చిన్రు."

కూర సంగతి అడిగినాయన మెడ చాపి ముందు వరుసలోకి చూశాడు. యారాలు లేచింది.

"ఏందమ్మా నీ పాఠం? గుర్తుకు తీస్కపోయినం. దొంగతనం చేసినమా?"

"గుర్తుకు కుక్కరెందుకు? ఆమె బతికున్నన్ని రోజులు, సముద్రపామె కూరల ఉప్పెక్కువని ముట్టకపోతివి."

"నీకేం నొప్పి? నీ ఇంట్లకెల్లి తీస్కపోయినమా?"

"రా ఒకసారి నా ఇంట్లకు. జన్మంత యాదికుండే గుర్తిచ్చి పంపుత."

కొందరు నవ్వారు. అప్పుడు ఆమె కొడుకు కుర్చీ వెనక్కి నెట్టి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, పెద్దదానివని ఊకుంటున్న. సామాను ముచ్చట ఇడిసిపెట్టు. తలకొరివి పెట్టింది నేను. ఇల్లు నాకు రావాలె. ఈమెను మంచిగనే తల్లిగారింటికి పంపుతం. చీర పెట్టే పంపుతం."

పంపుతామన్న చీర కూడా బహుశా వదిన అలమారదే. నేను నోరు తెరిచేలోపు కోడలు గడప దిగి వచ్చింది.

"బావా, రేపు నీది పొద్దటి షిఫ్టే గద," అన్నది.

"అయితే ఏంది?"

"ల్యాంపు నా చేతులకెల్లే తీస్కపోవాలె. తీస్కునేటప్పుడు నా ముఖం సూసి, ఈ మాట ఇంకొక్కసారి అను. ఇల్లు ఇడిసి పొమ్మను. అంటె నేను పోత. మళ్ళ అడుగ."

అతను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. వడ్డన మొదలైంది.

నాకు ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది. ఇంటి మీద ఇట్లా పందెం కడతారా ఎవరన్నా. చేతులు కడుక్కునే దగ్గర పట్టుకుని అడిగాను. "వాడు అనేస్తె ఏం జేస్తవే?"

"అనడు పెద్దమ్మా. లోపటికి దిగేటోళ్ళ ముఖాలు నేను రోజు సూస్త. గా కిటికీ కాడ ఎవ్వలు పెద్ద మాటలు మాట్లాడరు."

మర్నాడు సాయంత్రం ట్రాలీ ఆటో మళ్ళీ వచ్చింది. పొయ్యి వచ్చింది, మిక్సీ వచ్చింది, గిన్నెలు వచ్చాయి. కుక్కరు వచ్చింది గాని విజిల్ రాలేదు. చీరల్లో పాతవి వచ్చాయి. దింపిన ఆటో మనిషి తలెత్తకుండా, "ఇంటి ముచ్చట ఇగ ఎత్తనని చెప్పమన్నడు," అని కోడలికి చెప్పి పోయాడు.

తిరిగి ఇచ్చినవాళ్ళను మెచ్చుకోవాలని నాకు ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు చెప్పారు. నాకు కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఆలోచన కూడా లేదు. ఎత్తుకుపోయి తిరిగి ఇచ్చినవాడు పెద్దమనిషి అయితే, జన్మలో ఎవరి ఇంటి అరటిపండూ ముట్టని మనిషిని ఏమనాలి? ఆమె బతికుండగా ఆమెను మెచ్చుకోవాలని ఈ పెద్దమనుషులకు తోచలేదు. సముద్రపామె అన్నారు, ఉప్పెక్కువన్నారు. ఆ విజిల్ ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. ఇది అచ్చయితే వాళ్ళూ చదువుతారు. దాన్ని మాత్రం నిజంగానే గుర్తుకు ఉంచుకోవచ్చు.

ఆ పొద్దున ల్యాంపు రూం దగ్గర ఏం జరిగిందో కోడలే చెప్పింది. అతను తనే రాలేదు. ల్యాంపు తీసుకునే టోకెన్ తోటివాడి చేతికిచ్చి పంపాడు. ఎవరి ల్యాంపు వాళ్ళే తీసుకోవాలని ఈమె ఇవ్వలేదు. వరుస అంతా అయిపోయి, చివరికి అతనొక్కడే కిటికీ ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆమె ముఖం చూశాడు. ఇంటి మాట ఎత్తకుండా టోకెన్ కిటికీలో పెట్టాడు. ఈమె అతని ల్యాంపు వెలిగించి చూసింది. వెలుతురు మసకగా ఉంది. దాన్ని పక్కన పెట్టి, నిండా చార్జి ఉన్న ఇంకోటి తెచ్చి, దాని వెలుతురు గోడ మీదికి వేసి చూసి, అతని చేతికిచ్చింది. నేనైతే ఆ మసకదే ఇచ్చేదాన్ని. నన్ను ల్యాంపు రూంలో పెట్టకుండా బడిలో పెట్టినవాళ్ళు మంచి పనే చేశారు.

అతను దాన్ని టోపీకి తగిలించుకుని, గని నోట్లోంచి వాలుగా పోయే బాట మీద దిగాడు. ముందు పోయినవాళ్ళ దీపాలు అప్పటికే చుక్కలైనాయి. ఈమె కిటికీ వదిలి గుమ్మంలోకి వచ్చింది. వెనుక పడిన దీపం ఒకటి కాసేపు విడిగా కదిలింది. తర్వాత తొందరగా నడిచి మిగతావాటిని కలుసుకుంది. ఇక అక్కడినుంచి ఏది అతనిదో ఆమెకు తెలియలేదట. అన్నీ ఒకేలా ఊగుతూ కిందికి పోయాయి.